రెండో గీత

"పన్నెండింటికి విత్తనాలు తగలబెడతారు. ఆలోగా రుజువు కావాలి," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

ఏజెంట్ బహ్‌గత్ వాచీ చూశాడు. పదకొండున్నర. నైలు డెల్టాలో, కఫ్ర్ అల్ షేఖ్ దగ్గర ఒక విత్తనాల గోడౌన్ ముందు టీ అమ్ముతున్నాడు. మాసిన గలాబియా అంగీ, తలపాగా, చేతిలో కెటిల్. మీసం మాత్రం డిపార్ట్‌మెంటుది.

గోడౌన్‌లో ఉన్నది హజ్జా సెనియా నలభై ఏళ్లుగా చేత్తో ఏరి నిలబెట్టిన పత్తి విత్తనం. ఊరంతా విత్తేది అదే. అందులో జన్యుమార్పిడి గింజ కలిసిందని తేలితే అంతా బూడిదే. ఆ తర్వాత ఏటేటా విదేశీ ముఠా అమ్మే విత్తనమే గతి.

గింజ నూరి, నీళ్లు కలిపి, కాగితపు పట్టీ ముంచుతారు. ఒక గీత వస్తే స్వచ్ఛం. రెండొస్తే కల్తీ. పొద్దుటినుంచి ముప్పై పట్టీలు ముంచితే ముప్పైకీ రెండేసి గీతలు.

పట్టీలు తెచ్చింది నివీన్. నల్లకళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, లాబ్ కోటు. ముఠాలో చొరబడమని ఆర్నెల్ల క్రితం పంపింది డిపార్ట్‌మెంటే. చొరబడింది. బయటికి రావడం మరిచిపోయింది.

బహ్‌గత్ టీ అందిస్తూ కోడ్ వాక్యం అన్నాడు. "పత్తికి ఎండ చాలా, మేడమ్?"

"మీసం ఊడుతోంది బహ్‌గత్. ఇంటికెళ్లు."

అతను సలాం కొట్టి, ఆమె తెల్లకారు పక్కగా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

హజ్జా సెనియా బస్తాల మీద ఎక్కి కూర్చుంది. "నన్నూ కలిపి కాల్చండి. నేనేరిన గింజ పుట్టుక నీ కాగితమ్ముక్క చెప్తుందా?"

"పరీక్షలో తేలింది హజ్జా. నేనేం చెయ్యను?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ షాజలీ. కిరోసిన్ చల్లేశారు. జవాను అగ్గిపెట్టె తీశాడు.

"ముందు టీ తాగు. టీ తాగకుండా ఎవడూ ఎవడి కొంపా కాల్చడు," అంది సెనియా.

ఆ మాట కాదనగల మనిషి డెల్టాలో పుట్టలేదు. షాజలీ గ్లాసు అందుకున్నాడు. "చక్కెర అడుగునే ఉంది. చెంచా ఏదిరా?"

"పోయింది పాషా," అన్నాడు బహ్‌గత్ వినయంగా.

"చెంచా దేనికి?" సెనియా వంగి, బల్లమీది కొత్త పట్టీ ఒకటి లాగి, అతని గ్లాసులో గిరగిరా తిప్పింది.

జవాను పుల్ల గీశాడు.

"ఆపు!" బహ్‌గత్ పట్టీని పైకెత్తాడు. రెండు గీతలు. "పాషా, మీ టీ కూడా కల్తీ పత్తే. టీనీ కాలుస్తారా?"

షాజలీ ఇంకోటి వట్టి నీళ్లలో ముంచాడు. రెండు గీతలు. జవాను పుల్ల ఊదేశాడు.

టీ అమ్మేవాడి పట్టీని ఇందాకైతే ఎవరూ నమ్మేవారు కాదు. ఇప్పుడు బహ్‌గత్ తలపాగా మడతలోంచి అసలుది తీశాడు. సెనియా తనే గింజ నూరి ముంచింది. ఒకే గీత. ఆవిడ ముసుగు కొసతో కళ్లు తుడుచుకుని, "నాకు నలభై ఏళ్లుగా తెలుసు," అంది.

నివీన్ అప్పటికే కారు దగ్గర తాళంచెవి గుచ్చుతోంది. అది దూరడం లేదు. తాళం కన్నంలో చెంచా కాడ విరిగి ఉంది. జవాన్లు ఆమెను చుట్టుముట్టారు.

ఫోన్ మోగింది. "రుజువు దొరికిందా?"

"దొరికింది సార్. ఇన్‌స్పెక్టరు గారు తాగేశారు."