ఆరో చుక్క

"నా మరిది నా మొగుణ్ణి చంపిండా, చంపలేదా? గదొక్కటి చెప్పు సార్. ఇంకేం అడగ" అంది షెకీనా, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్ వే స్తంభాల పక్కన, టైర్ల దుకాణం పైన ఉంది ఆ గది. కుర్మయ్య అనే పేరుగల మనిషి డిటెక్టివ్ ఏమిటని మెట్లెక్కి వచ్చినవాళ్లలో సగం మంది మొహం చిట్లిస్తారు. ఆ సగం మందినీ కుర్మయ్య గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాడు. తెలివితక్కువవాళ్లంటే అతనికి విసుగు, తమకు తెలివి ఎక్కువనుకునేవాళ్లంటే రోత. అతని అసిస్టెంటు మనీషా ఈ గుణం చూసే కొలువులో చేరింది, ఈ గుణం చూసే ఇంకా వదల్లేదు.

షెకీనా మొహం చిట్లించలేదు. ఆమెకు అంత తీరిక లేదు. మనీషా మంచినీళ్లిచ్చి బలవంతంగా కూర్చోబెట్టాక, ఒక్కొక్క ముక్కే బయటికి వచ్చింది.

ఆమె భర్త రాజశేఖర్ విమానాశ్రయంలో సామాను ఎక్కించేచోట సూపర్‌వైజరు. తెలంగాణ వచ్చిన ఈ ఎండాకాలంలోనే మిరాన్ అనే చిన్న కారు కొన్నాడు. దానికి కారణం శంషాబాద్‌లో సప్తతార మోటార్స్ వాళ్లు నిలబెట్టిన హోర్డింగు. దాని మీద కారు పక్కన బంగారు రంగులో ఐదు నక్షత్రాలు మెరుస్తుంటాయి. కారును గుద్దించి చూసి, లోపలి మనిషి ఎంత భద్రంగా ఉంటాడో లెక్కగట్టి ఇచ్చే మార్కులట అవి. ఐదుకు ఐదు. భార్య కడుపుతో ఉంది కాబట్టి రాజశేఖర్ ఇంకో కారు మొహం చూడలేదు. ఊళ్లో అందరూ దాన్ని ఐదు చుక్కల బండి అనేవాళ్లు.

పోయినవారం రావిర్యాల దారిలో ఆ బండి, కొండల్ అనే ప్లాట్ల వ్యాపారి జీపు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. కొండల్ ఒంటి మీద గీత పడలేదు. రాజశేఖర్ ఛాతీ నలిగి అక్కడికక్కడే పోయాడు. పక్క సీట్లో ఉన్న తమ్ముడు ఆశేర్ భుజం విరిగి బతికాడు. దవాఖానలో కట్టు కట్టించుకుని బయటికి రాగానే ఆశేర్‌ను పోలీసులు పట్టుకుపోయారు.

"ఐదు చుక్కల బండి, పైంగ ఎయిర్‌బ్యాగ్ తెరుసుకుంది, అసుంటి బండ్ల స్టీరింగ్ తాకి మనిషెట్ల సస్తడు అంటడు ఎస్సై విఠల్ సారు. ముందుగాలనే కొట్టి సంపి, తమ్ముడే బండి నడిపి జీపుకు గుద్దిండంట. ఆనక పీనుగను స్టీరింగ్ ఎనక కూసోబెట్టిండంట."

దానికి సాక్ష్యం కూడా దొరికింది. ఆ పొద్దున చాయ్ హోటల్ దగ్గర అన్నదమ్ములు గొడవపడ్డారు. 'నీ సావు నువ్వు సావు పో' అని తమ్ముడు అరవడం హోటల్లో ఉన్నవాళ్లంతా విన్నారు. దేవునికి వదిలెయ్యమని పాస్టరయ్య చెప్పాడు గానీ షెకీనా వదల్లేకపోయింది. ఠాణాకు పోయి మరిది మొహం చూడనూ లేకపోయింది.

"నువ్వు నమ్ముతున్నవా?" అడిగాడు కుర్మయ్య.

"ఒకపూట నమ్ముత, ఒకపూట నమ్మ. రేపు పుట్టే నా బిడ్డను వాని చేతికి ఇయ్యాల్నా, వాణ్ణి జూస్తే తలుపేసుకోవాల్నా, నాకు తెల్వాలె సార్."

కుర్మయ్య ఇంకేమీ అడగకుండా చెప్పులేసుకున్నాడు.

ఎస్సై విఠల్ తన సిద్ధాంతాన్ని ఉగాది పంచాంగంలా చదివి వినిపించాడు. అతని దృష్టిలో అది లెక్క. జీపుకు మూడే స్టార్లు. మూడు స్టార్లవాడు నవ్వుకుంటూ దిగాడు, ఐదు స్టార్లవాడు చచ్చాడు. ఐదు పెద్దదా, మూడు పెద్దదా? ఈ ప్రశ్న అడిగి, తానే ఐదు వేళ్లు చూపించి, తానే మీసం దువ్వుకున్నాడు. బడిలో అంతవరకే నేర్చుకున్నట్టున్నాడు పాపం. మనీషా నవ్వు ఆపుకోవడానికి గోడ మీది క్యాలెండరు కేసి తిరిగింది.

లాకప్‌లో ఆశేర్ ఒక్కటే మాట చెప్పాడు. బండి అన్నే నడుపుతున్నాడు, ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు, జీపు రాంగ్ సైడులో వచ్చింది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుందా అని కుర్మయ్య అడిగితే అయోమయంగా చూశాడు.

"నాకు గసుంటిదేం కనవడలేదు. స్టీరింగ్ అన్న గుండెల్ల ఉంది సార్. గంతే కనవడ్డది."

"పొద్దున గొడవెందుకైంది?"

"బండి గురించే. గింత పల్చటి రేకు, ఎవడన్న తాకితే డబ్బా నలిగినట్టు నలుగుతదంటి. ఐదు చుక్కలురా, నీకేం తెల్సు అన్నడు. గప్పుడంటి ఆ మాట." ఆశేర్ అంతటితో ఆపి మొహం గోడకు తిప్పుకున్నాడు.

కొండల్ దగ్గర అంతసేపు పట్టలేదు. మెడలో పలుపుతాడంత గొలుసు, చేతిలో రెండు ఫోన్లు, నోట్లో పాన్. గుద్దిన క్షణంలో ఫోన్ మాట్లాడుతున్నాడట, అందుకని అవతల ఎవరు నడిపారో చూడలేదట. రాంగ్ సైడు సంగతెత్తితే 'అన్నా, ఇది మర్డర్ కేసు గదా, మల్ల రోడ్డు ముచ్చటెందుకు' అన్నాడు. ఒక మనిషి చావు తన నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి పోయినందుకు అతనికి ఎంత సుఖంగా ఉందో మొహం మీదే కనిపించింది. ఇలాంటివాళ్లకు కనీసం దాచుకుందామన్న సిగ్గు కూడా ఉండదు.

నుజ్జయిన మిరాన్ సప్తతార మోటార్స్ వెనక యార్డులో ఉంది. ప్రమాదం జరిగిన సాయంత్రమే షోరూమ్ వాళ్లు తమ లారీ పంపించి ఉచితంగా మోసుకొచ్చారు. పోలీసులు మర్నాడు అక్కడికే వచ్చి చూసుకున్నారు. మేనేజరు అరవింద్ ఇస్త్రీ చొక్కా, సన్నటి నవ్వుతో ఎదురొచ్చాడు. చావు ఇంటికి వచ్చినవాళ్లకు కూడా బ్రోషరు ఇచ్చే రకం.

"చాలా బాధాకరమండీ. కానీ మా కారు మాత్రం తన పని తాను చేసింది. చూడండి, ఎయిర్‌బ్యాగ్ ఎంత చక్కగా తెరుచుకుందో" అన్నాడు.

నిజమే, స్టీరింగ్ మధ్య మూత రెండుగా చీలి తెల్లటి సంచి వేలాడుతోంది. చీలిన మూత పైభాగం మీద పసుపు రాసి, దాని మీద గుండ్రంగా కుంకుమ బొట్టు ఉంది. కుర్మయ్య దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత స్టీరింగ్ వెనక్కి చెయ్యి దూర్చి ఒక పసుపు వైరును పట్టి లాగాడు. అది ఏ అడ్డూ లేకుండా బయటికి వచ్చింది. దాని కొస చూసి మళ్లీ లోపలికి తోసేశాడు.

"బొట్టు మంచిగ పెట్టిండ్రు" అన్నాడు.

"మా పూజారి గారండీ. పూజ చెయ్యకుండా మా షోరూమ్ నుంచి ఒక్క బండీ గడప దాటదు. రాజశేఖర్ గారు స్వయంగా కొబ్బరికాయ కొట్టారు, నాకు బాగా గుర్తు."

యార్డు మూలన ఇంకో మిరాన్ ఉంది, ఎర్రది, వెనకభాగం దెబ్బతిన్నది. దాని తలుపు మీద ఖరీదైన రకానికి అంటించే వెండిరంగు అక్షరాలున్నాయి. లోపల స్టీరింగ్ లేదు. మనీషా చూసి కుర్మయ్య మోచెయ్యి తట్టింది. అతను తల ఊపి, రేపు పొద్దున అందరినీ ఇక్కడికే రమ్మని చెప్పమన్నాడు.

మర్నాడు ఆ నుజ్జు బండి చుట్టూ చేరారు. షెకీనా ఒక పక్క, సంకెళ్లతో ఆశేర్ ఇంకో పక్క నిలబడ్డారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. విఠల్ గడియారం చూసుకుంటున్నాడు. కొండల్ ఫోన్ చూసుకుంటున్నాడు. అరవింద్ అందరికీ చల్లటి నీళ్లు తెప్పించాడు.

"ఎస్సై సారూ, మీకు కుస్తీలు చూసే అలవాటుందా?" అని మొదలుపెట్టాడు కుర్మయ్య.

విఠల్ ఉందన్నాడు.

"అండ్ల బరువు చూసి జోడీ కడ్తరా, లేకుంటే పతకాలు లెక్కవెట్టి కడ్తరా? పిల్లల కుస్తీల ఐదు పతకాలు గెలిసినోణ్ణి, మూడే పతకాలున్న పైల్వాన్ మీదికి తోల్తే ఎవడి ఎముకలిరుగుతయ్?"

విఠల్ కొండల్ వైపు చూశాడు.

"ఈ చుక్కలు గట్లాంటియే. బండిని కదలని అడ్డుకు గుద్దించి చూసి ఇస్తరు. అది తనంత బరువున్న బండినే గుద్దినట్టు లెక్క. చిన్న బండి చుక్కలు చిన్న బండ్లతోనే పోల్చాలె, పెద్ద బండియి పెద్ద బండ్లతోనే. ఈ జీపు దీనికి రెండింతల బరువు. మూడు చుక్కలోడు బతికిండంటే అది చుక్కల బలం గాదు, బరువు బలం. మీరు చుక్కలు లెక్కవెట్టి ఒక మనిషిని లోపలేసిండ్రు. లెక్కవెట్టుడు అందరికీ వస్తది సారూ, ఏం లెక్కవెడుతున్నమో తెలిసుండాలె."

విఠల్ మొహం కందగడ్డలా అయింది. ఒప్పుకుంటే లాకప్ తియ్యాలి, ఒప్పుకోకపోతే పరువు పోతుంది. చివరికి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది కదా అన్నాడు.

"గదే అసలు ముచ్చట" అని కుర్మయ్య అరవింద్ వైపు తిరిగాడు. "ఆ ఐదు చుక్కలు ఏ బండికొచ్చినయ్?"

మిరాన్‌కేనన్నాడు అరవింద్.

"విదేశంల పరీక్షకు పెట్టిన మిరాన్‌కు. దానికి ఎయిర్‌బ్యాగులున్నయ్, లోపల ఇనుము గట్టిగుంది. ఇక్కడ మామూలు రకం అమ్మేటప్పుడు ఆ బ్యాగులు తీసిండ్రు, ఆ ఇనుము పల్చగ చేసిండ్రు. చుక్కలు మాత్రం తియ్యలేదు. పైన పటారం, లోన లొటారం. రాజశేఖర్ కొన్న బండ్ల ఎయిర్‌బ్యాగ్ లేనే లేదు. మరి ఇదెక్కడిది?"

"మీరు పొరబడుతున్నారండీ. కళ్లముందే ఉంది కదా. బొట్టుతో సహా ఉంది" అన్నాడు అరవింద్.

ఎవరూ అడగకుండానే బొట్టు ఊసెత్తాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. కుర్మయ్య షెకీనాను దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, ఈ బొట్టు ఎవరు పెట్టిండ్రు?"

షెకీనా స్టీరింగ్ వైపు వంగి చూసింది. భర్త పోయాక ఆ బండి దగ్గరికి రావడం ఆమెకదే మొదలు. బొట్టును వేలితో తాకి తలెత్తింది.

"మా బండికి బొట్టెందుకుంటది సార్? మేం ఏసుప్రభువును నమ్ముకున్నోళ్లం. బండి ఇచ్చేనాడు పూజ చేస్తమంటే ఆయన వద్దన్నడు. కొబ్బరికాయ గూడ వాపసిచ్చిండు. ఇంటికొచ్చినంక పాస్టరయ్య ప్రార్థన చేసిండు, నేను గీ సీట్లనే కూసున్న. గిక్కడ హారన్ మీద బండి కంపెనీ గుర్తు తప్ప ఇంకేం లేకుండె."

మనీషా అరవింద్‌ను చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నీకు కాగితం మీద రాజశేఖర్ అన్న పేరొక్కటే తెల్సు" అన్నాడు కుర్మయ్య. "బండి అమ్మింది నీ కింది పోరగాళ్లు, నువ్వాయన మొహం గూడ చూడలేదు. ఆశేర్ పేరు పేపర్లకు ఇంకా ఎక్కలేదు, ఎక్కితే కిరస్తానం ఇల్లని తెలుస్తుండె. ఐదు చుక్కల బండ్ల మనిషి సచ్చిండంటే పండుగ అమ్మకాల ముందట నీ హోర్డింగు ఏంగావాలె? అందుకే పోలీసులు యార్డుకు రాకముందే, బ్యాగులుండే ఖరీదు రకం ఆ ఎర్రబండి స్టీరింగ్ ఊడదీసి, బ్యాగ్ పేల్చి, దీనికి బిగించినవ్. మరీ కొత్తగ కనవడ్తున్నదని పసుపు రాసి బొట్టు పెట్టినవ్. రాజశేఖర్ అన్నోడు బండికి పూజ చెయ్యకుంట ఉంటడా అనుకున్నవ్. పేరు చూసి మనిషి తెల్సిపోయిండనుకున్నవ్, చుక్కలు చూసి బండి తెల్సిపోయిందని అమ్మినట్టే."

అతను మళ్లీ చెయ్యి దూర్చి పసుపు వైరు బయటికి లాగాడు. "ఇది ఎయిర్‌బ్యాగ్ వైరు. తగిలించేటందుకు ఈ బండ్ల జాగనే లేదు. ఎర్రబండ్ల ఉంది, పోయి చూసుకోన్రి."

విఠల్ పోయి చూశాడు. తిరిగొచ్చేసరికి అరవింద్ గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. కారు పరువు కాపాడుదామనుకున్నానే గానీ ఎవరినీ ఇరికించాలని అనుకోలేదండీ అని గొణిగాడు.

"అనుకోలేదు, నిజమే. కానీ ఇరికిండని తెల్సినంక నోరు తెరవలేదు. ఒకడు ఉరికంబం ఎక్కుతుంటే నువ్వు బ్రోషర్లు పంచుకుంట కూసున్నవ్. నిన్ను తిట్టడానికి నా నోరు పాడుచేసుకోను" అన్నాడు కుర్మయ్య. అప్పటికి కొండల్ ఫోన్లు రెండూ జేబులో వేసుకుని గేటు వైపు జారుకుంటున్నాడు. రాంగ్ సైడు ముచ్చట ఇప్పుడు మాట్లాడుకుందామని మనీషా అతనికి అడ్డం నిలబడింది.

"ఐదు చుక్కలు అమ్మితే ఎవ్వడూ పట్టలే సార్. ఆరో చుక్క పెట్టి దొరికిండు" అంది ఆమె ఆనందంగా. కుర్మయ్య నవ్వలేదు. అతను షెకీనాను చూస్తున్నాడు.

విఠల్ స్వయంగా సంకెళ్లు తీశాడు. తీస్తూ, పరువు ఇంకా కొంచెం మిగిలిందనుకున్నాడేమో, 'ఏదేమైనా ఆ మాట అయితే అన్నడు గదా' అని సణిగాడు.

ఆశేర్ తల వంచుకున్నాడు. "అంటి వదినా. నిజంగనే అంటి. అన్న చెవుల నా ఆఖరి మాట గదే."

షెకీనా మరిది దగ్గరికి నడిచింది. కట్టు కట్టిన భుజాన్ని వదిలి రెండో చెయ్యి పట్టుకుంది.

"నీ సావు నువ్వు సావు అని మీ అన్నను నేను దినాం అంటుంటి. బువ్వకు లేటైతే అంటుంటి, ఫోన్ ఎత్తకపోతే అంటుంటి." ఆమె విఠల్ వైపు తిరిగింది. "నన్ను గూడ తీస్కపోతవా సార్?"

విఠల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వదినా మరిదీ యార్డు గేటు దాటి, హోర్డింగు కిందుగా ఆటోల దగ్గరికి నడిచిపోయారు.