వేదశ్రీ వాళ్ళ నాన్న

మా బడి జమ్మలమడుగులో, ఎర్రగుంట్ల రోడ్డు మీద. చిన్న బడే. మూడో తరగతికి మాత్రం రెండు సెక్షన్లు. 'ఏ' సెక్షన్‌కు నేను టీచర్ని, పేరు తనూజ. సిమెంటు లారీ పోయినప్పుడల్లా కిటికీలు అదురుతాయి. అది దాటేదాకా పాఠం ఆపి నిలబడడం మాకు అలవాటు.

అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. పిల్లలకు ఫోనిస్తే ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పడానికి. మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. ఆ మాటలు చెప్పడానికి నాకంటే తగని మనిషి ఆ బడిలో ఇంకొకరు లేరు. ఎందుకో ముందే చెబుతాను, ఏడాదిగా మింగి కూర్చున్నాను.

రెండు సెక్షన్లకూ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఒక్కొక్కరిని చేర్చే ఓపిక లేక, స్కాన్ చేస్తే గ్రూపులోకి వచ్చే కాగితమొకటి ప్రింటు తీసి బడి గేటుకు అంటించాను. మా దగ్గర తల్లిదండ్రులకు సొంత పేర్లుండవు. విష్ణుతేజ వాళ్ళ అమ్మ, అర్చన వాళ్ళ నాన్న, అంతే. అలాగే 'వేదశ్రీ వాళ్ళ నాన్న' అని ఒకడు చేరాడు. మా సెక్షన్‌లో ఆ పేరు లేదు. బి సెక్షన్ పిల్లేమో అనుకున్నాను. బి సెక్షన్ టీచరేమో మా పిల్ల అనుకుంది. నోరు తెరిచి ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు ఇద్దరమూ.

మహతి నా క్లాసు పిల్ల. ఎనిమిదేళ్ళు. తండ్రి అర్చకుడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తల్లి కామాక్షిది. మహతి బలపాలు తినేది. పలకలు పోయి నోటుబుక్కులొచ్చినా దాని జేబులో ఒక ముక్క ఉండాల్సిందే. పాఠం మధ్యలో కరకరమని వినిపిస్తే తలెత్తకుండానే "మహతీ, ఉమ్మెయ్" అనేదాన్ని.

పాఠం చదివి వాయిస్ పంపమని హోంవర్కు ఇచ్చిందీ నేనే. ఆ వంకతో ఫోను పిల్ల చేతికి పోయింది. వాడు 'నేను వేదశ్రీని' అని విడిగా మెసేజీలు పెట్టాడని తర్వాత కామాక్షి ఫోనులో బయటపడింది. స్నేహం కలిపాడు. అమ్మకు తెలియకుండా ఫొటోలు పంపమన్నాడు. పంపాక, అవి అందరికీ చూపిస్తానని బెదిరించాడు. చివరికి మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఒంటరిగా రోడ్డు దాటి రమ్మన్నాడు. ఏడ్చుకుంటూ పరుగెత్తిన పిల్లకు లారీ కనబడలేదు.

ఆ సాయంత్రమే గేటు మీది కాగితం చింపేశాను. గ్రూపు తీసేశాను. వాడి నంబరు పిల్లకెలా తెలిసిందో నాకు తెలియదని పోలీసులకు చెప్పాను. బిడ్డ చేతికి ఫోనిచ్చి తల్లే చంపుకుందని ఊరంతా కామాక్షిని ఆడిపోసుకుంది. ఆమె తల వంచుకుని విన్నది. పక్కనే నిలబడి నేనూ విన్నాను. నిజం చెబితే ఉద్యోగం పోతుందని భయం.

మీటింగు రోజు ఐదింటికే మబ్బు కమ్మింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. గదిలో చెమట వాసన, తడి సుద్ద వాసన. ముప్పైమంది దాకా పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. చివరి బెంచీలో, మహతి కూర్చునే చోట, కామాక్షి కనబడింది. దగ్గరికి వెళ్ళి గుసగుసగా అడిగాను.

"నీవెట్లా వచ్చినావు కామాక్షీ?"

"గ్రూపులో మెసేజి వచ్చింది టీచర్. మీరే రమ్మన్నారు గదా."

ఏ గ్రూపు? అది తీసేసి ఏడాదైంది. అడగడానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చి మాట్లాడడం మొదలుపెట్టాను.

"గ్రూపులో తెలియని పేరుంటే మొహమాటం లేకుండా ఎవరని అడగండి. ఎవరికీ చెప్పొద్దని ఎవరన్నా అంటే, ఆ మాటే ముందొచ్చి మీకు చెప్పమనండి పిల్లలకు. చెప్పినప్పుడు తిట్టొద్దు, కొట్టొద్దు."

గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూనే ఇదంతా చెప్పాను. తర్వాత హాజరు. మా బడిలో పిల్లల పేర్లు పిలుస్తాం, పెద్దవాళ్ళు 'వచ్చినాను' అని పలుకుతారు. ఫోను వెలుగులో రిజిస్టరు చదువుకుంటూ పోయాను. అన్నిటికీ అడుగున, వంకర టింకర అక్షరాలతో ఇంకో పేరుంది. నేను రాసింది కాదు. అలవాటుగా నోరు దాన్నీ చదివేసింది.

"వేదశ్రీ..."

"వచ్చినాను."

తలుపు పక్కన నలభై ఏళ్ళ మనిషి లేచి నిలబడ్డాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీ పాప... ఏ సెక్షనప్పా?"

"నాకు పిల్లల్లేరు టీచర్."

వాడు నన్నే చూస్తూ, ఎవరో వింటారన్నట్టు మెల్లగా చెప్పాడు.

"నెల నుంచి పిలుస్తాండాది. సిమ్ము విరగ్గొట్టి పులివెందులకు పోయినా. ఆడ గూడా మోగుతాండాది. 'నాన్నా, మీటింగుకు రావల్ల, నా పేరు పిలిస్తే పలకల్ల' అంటాది."

"ఎవరు?"

"యాడా లేని బిడ్డను పుట్టించినా గదా... అదే."

ఫోను నొక్కాడు. ముందు కర... కర... మని చప్పుడు. పంటి కింద బలపం. తర్వాత వాడి గొంతే, 'వచ్చినాను' అని. దాని వెనక లారీ హారను, ఆగకుండా.

"నిన్న వచ్చింది టీచర్ ఇది. నిన్న నేను ఈ మాట అనల్యా. ఇప్పుడే గదా అన్నా..."

కామాక్షి లేచి వచ్చింది. ఆ కరకర ఎవరిదో ఆ తల్లికి ఒకరు చెప్పాలా?

"నా బిడ్డను పిలిచింది నువ్వేనా?"

వాడు తలూపాడు.

"నీకు మేం యాడ దొరికినాం రా?"

"గేటు కాడ..." అంటూ వాడు నా వైపు చెయ్యెత్తాడు.

అప్పుడు నేను అరిచాను. "బయటికి నడువ్! పిల్లల బడి ఇది! నడువ్!" న్యాయం కోసం అరిచాననుకున్నారు అందరూ. వాడి నోరు మూయించడానికి అరిచాను.

వాడు నడిచాడు. కుడిభుజం కిందికి వంగి ఉంది. చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నడిచే మనిషి ఎంత వంగుతాడో, అంత. అడుగులు కూడా చిన్నవి. గేటు దాటాడు. ఎవరూ ఆపలేదు. నేను ఆపలేదు.

హారను... ఆగకుండా... ఫోనులో విన్నదే.

సరిగ్గా మహతి పడిన చోటే. నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు. లారీ డ్రైవరు కిందికి దిగి, వాణ్ణి వదిలేసి, చక్రాల కింద వెతుకుతున్నాడు.

"పాప యాడ పోయింది? పాప ఉండె గదమ్మా చెయ్యి పట్టుకొని!"

కామాక్షి ఏడవలేదు. నా పక్కకు వచ్చి నిలబడింది.

"గేటు కాడ అన్నాడే వాడు. ఏంది టీచర్ గేటు కాడ?"

"నాకేం తెలుసు కామాక్షీ," అన్నాను. వాడు చచ్చాడు, ఇక చెప్పేవాళ్ళు లేరని నా ధీమా.

ఆదివారం పొద్దున్నే ఫోను చూశాను. తీసేసిన గ్రూపు తిరిగి వచ్చింది. అందులో ఇద్దరమే. నేను, వేదశ్రీ వాళ్ళ నాన్న. ఒకే ఒక్క వాయిస్ మెసేజి. కరకర చప్పుడు. తర్వాత నా గొంతు, 'వచ్చినాను' అని. దాని వెనక ఏముందో వినకముందే ఆపేశాను.

అందుకే కూర్చుని ఇదంతా రాశాను, దాచకుండా. ఈ కాగితాలు కామాక్షి చేతికిచ్చి, ఊరి ముందు ఆమె తప్పు లేదని చెబుతాను. అప్పుడన్నా ఆ బిడ్డ నన్ను వదిలిపెడుతుందేమో. ఆమె ఇల్లు ఎంతో దూరం లేదు. రోడ్డు దాటితే చాలు.

ఒక్కటే అర్థం కావడం లేదు. నా కుడిచేతి చిటికెన వేలికి తెల్లగా బలపం పొడి అంటుకుని ఉంది. పొద్దున్నుంచి మూడుసార్లు కడుక్కున్నాను.