మనోలేఖిని గీసిన మచ్చ

ఫొటోలు తీయించుకోవడం అప్పటికే పాతబడిపోయింది. కాకినాడలో సముద్రపు గోడ మీద మోనోరైలు తిరుగుతున్న ఆ రోజుల్లో, పెళ్లిచూపులకైనా ఉద్యోగానికైనా మనోలేఖిని గీసిన బొమ్మే కావాలనేవారు. తలకు టోపీ పెట్టి ఎవరినైనా తలచుకుంటే చాలు, టోపీలోని న్యూరల్ సెన్సర్లు మెదడులో ఉన్న ఆ మనిషి రూపాన్ని చదువుతాయి. రోబో చెయ్యి దాన్ని రంగుల్లో దించుతుంది. అడిగితే యంత్రం మాట్లాడుతుంది కూడా. కెమెరా ముందు నటించినట్టు దీని ముందు నటించడం కుదరదు.

క్యాన్సర్ నుంచి బయటపడి ఐదేళ్లయిన వసుమతి బొమ్మను ఆసుపత్రి హాల్లో పెట్టాలనుకున్నారు, కొత్తగా వచ్చే రోగులకు ధైర్యంగా ఉంటుందని. ఆమె టోపీ పెట్టుకుని తనను తానే తలచుకుంది. గీయడం పూర్తయి తెర తీయగానే ఒక అడుగు వెనక్కి వేసింది. బొమ్మలో మెడకు ఎడమ పక్కన, ఒకప్పుడు గడ్డ ఉన్నచోట, నల్లటి మచ్చ!

"ఇదేంటమ్మా?" అని అడిగింది, యంత్రాన్ని తయారుచేసిన రుఖియాను.

"సెన్సర్ లోపమేమో, చూస్తానండీ," అంది రుఖియా తలెత్తకుండా.

ఆ తలెత్తకపోవడమే వసుమతికి నచ్చలేదు. భర్త భీమశంకరం కిటికీ దగ్గర నిలబడి, మడత పెట్టిన జేబురుమాలునే మళ్లీ మడతపెడుతున్నాడు. పోయిన నెల డాక్టరుతో ఆయనొక్కడే మాట్లాడి వచ్చాడు. "అంతా బాగుందిట" అని తేల్చేశాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. వీళ్లంతా కలిసి తన దగ్గర దాస్తున్నారు. మళ్లీ ఆ మందులూ ఆ వాంతులూ అంటే ఈసారి తన వల్ల కాదు.

ఆమె యంత్రం వైపే తిరిగింది. "నువ్వైనా నిజం చెప్పు. నా జబ్బు తిరగబెట్టిందా?"

"నాకు జబ్బులు తెలియవు. టోపీ పెట్టుకున్న తలలో ఏముందో అదే గీశాను."

"నా తలలో ఆ మచ్చ లేదు. నేనెప్పుడో మర్చిపోయాను."

"మీ తల అని నేననలేదు," అంది మనోలేఖిని.

భీమశంకరం చేతిలో రుమాలు ఆగిపోయింది.

"నువ్వు చీర మార్చుకొచ్చేలోగా నేను పెట్టుకు చూశానే," అన్నాడు. "గుచ్చుకుంటుందేమోనని. అప్పట్లో నీ మందులు కూడా ముందు నా నాలిక్కి రాసుకునేవాణ్ణి కదా! ఇదేమో వసుమతిని తలచుకోమంది. తలచుకున్నాను."

"అయ్యో! మొదట పడిన ముద్ర చెరిపేదాకా ఇది రెండోది తీసుకోదండీ," అని నాలిక కరుచుకుంది రుఖియా.

"డాక్టరు ఏమన్నాడు? నా మీద ఒట్టేసి చెప్పండి."

"బాగుందనే అన్నాడు, నీ మీదొట్టు. నాకే నమ్మకం కుదరట్లేదు. నువ్వు దగ్గితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి."

రుఖియా ముద్ర చెరిపి, మళ్లీ వసుమతి తలకు టోపీ పెట్టింది. కొత్త బొమ్మలో మచ్చ లేదు. కానీ మొహం చూసి వసుమతి దగ్గరికి వంగింది. బిగించిన పెదాలు, పక్క చూపులు చూసే కళ్లు, పాలలో నీళ్లెన్ని కలిపారో పట్టుకోవడానికి నిలబడ్డ మనిషిలా ఉంది.

"ఇది నేనేనా?"

"ఇప్పుడు మీ తలలో ఉన్న మీరు," అంది యంత్రం.

ఆమె మొదటి బొమ్మ దగ్గరికి వెళ్లింది. ఇందాక మచ్చ తప్ప మరేదీ కంటికి ఆనలేదు. ఇప్పుడు పైకి చూసింది. అప్పుడప్పుడే మొలుస్తున్న పొట్టి జుట్టుతో, పళ్లన్నీ కనబడేలా పగలబడి నవ్వుతోంది అందులో మనిషి. తను అలా నవ్విన రోజు ఆమెకు గుర్తే లేదు.

"మచ్చ లేనిదే పెట్టిద్దామండీ," అంది రుఖియా.

"వద్దమ్మా," అంది వసుమతి. "ఆయన తలలోదే పెట్టించు."