పోయినాయన మోటారుసైకిలు

లోపలికి వస్తూనే ఆమె తలుపు గడియ తనే వేసింది. తీసి వరండా చూసి మళ్ళీ వేసింది. ఆ మనిషికి బయటా లోపలా ఒకటే భయమైపోయిందని డిటెక్టివు సహాయకురాలికి అర్థమైంది. కుర్చీ చూపించింది.

"నిదానం గారంటే మీరేనాండీ?"

"పోలీసులు పెట్టిన పేరమ్మా అది. ఏదైనా రెండుసార్లు చూస్తే గానీ నోరు విప్పనని వెక్కిరింపు. బాగుందని బోర్డు మీద రాయించుకున్నాను. చెప్పండి," అన్నాడు డిటెక్టివు.

ఆమె ఆసుపత్రిలో నర్సు. తండ్రి లేత్ మిషను మీద పనిచేసే టర్నరు, పోయి ఏడాదిన్నర. తుక్కు దుకాణాల్లో ఒకచోట ఫ్రేము, మరోచోట ఇంజను ఏరుకొచ్చి, ఎంతో పాత కాలపు మోటారుసైకిలు ఒకటి తయారుచేశాడు. దానికి కాగితం ముక్క లేదు.

"నా పేర రాయించుకుందామని బండ్ల కాగితాలు చేయించే బ్రోకర్ని పట్టుకున్నానండీ. నంబర్లు చూసి ప్రకటన వేస్తారు, ఎవరూ నాదనకపోతే హక్కు మనకిస్తారన్నాడు. ఒకాయన నాదన్నాడు. ఇంజను మీద ఉన్నది దొంగలెత్తుకుపోయిన తన బండి నంబరేనట."

"ఫ్రేము నంబరో?"

"దాని మీద పేచీ లేదండీ. ఇన్‌స్పెక్టరు రేపటిదాకా గడువిచ్చాడు. నాకేమీ తెలియదంటే దొంగసొత్తు దాచానని కేసు, నా ఉద్యోగం పోతుంది. నాన్నే ఆ నంబరు గుద్దాడని రాసిస్తే నన్ను వదిలేస్తారట. అంకెలు గుద్దే పంచ్‌లు మా షెడ్డులోనే ఉన్నాయి. ఎవరైనా అదే అనుకుంటారు."

"మీరేమనుకుంటున్నారు?"

"ఒంటరిగా ఉన్నప్పుడు నేనూ అదే అనుకుంటున్నానండీ."

నర్సు ఇంటి వెనక షెడ్డుకు కిటికీ లేదు. బండి పెట్టాక ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు కూడా మిగలలేదు. బ్రోకరు అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడి, ఎవరూ అడగకుండానే టార్చి పట్టుకున్నాడు.

నిదానం నేల మీద కూర్చున్నాడు. ఇంజను ఎడమ పక్క, ఫుట్‌రెస్టు వెనక ఉన్నాయి అంకెలు. వాటికి జానెడు పైన ఫ్రేము గొట్టం అడ్డంగా ఉంది. భూతద్దం సహాయకురాలికిచ్చి, "కనిపించింది చెప్పు. అనిపించింది వద్దు," అన్నాడు.

"అంకెలు కింది వైపు లోతుగా దిగాయి, పైవైపు సరిగా దిగలేదు. వాటి చుట్టూ లోహం నారింజ తొక్కలా గరుకుగా ఉంది. ఫుట్‌రెస్టు నట్టుకి మూలలు అరిగిపోయాయి. మిగతా నట్లన్నీ కొత్తవాటిలా ఉన్నాయి."

"నాన్న ఒక్క నట్టు చెడనిచ్చేవాడు కాదండీ," అంది నర్సు.

"ఈ షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే. అచ్చు తీయడానికి ఒకరోజు ఈయనకిచ్చి డ్యూటీకి వెళ్ళాను."

బ్రోకరు నవ్వాడు. "నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడమే కదండీ. దానికి నేను చాలనా?"

బండి నాదన్న పెద్దమనిషి ఇంటి హాల్లో సోఫాల కన్నా మోటారుసైకిళ్ళే ఎక్కువ. "ఆ అమ్మాయి బండి మీద నేను మనసు పడ్డ మాట నిజమేనయ్యా. అంతమాత్రాన నేను అబద్ధాలకోరునా?"

"మీది ఎక్కడ పోయింది?"

"వేరే ఊళ్ళో, రేసుకెళ్ళినప్పుడు. ఫిర్యాదూ అక్కడే ఇచ్చాను. ఇక్కడ చెబితే నవ్విపోతారు."

"దాని కాగితాలు అప్పట్లో ఎవరు చేయించారు?"

"ఇంకెవరు, ఆ బ్రోకరే. పాత బండ్ల కాగితాల పని తెలిసినవాడు వాడొక్కడే."

బయటికొచ్చాక సహాయకురాలు ఆగలేకపోయింది. "ఈయన పానకంలో పుడకలా లేడూ గురువుగారూ? బండి కొట్టేయడానికే ఇదంతా."

"కొట్టేయాలనుకునేవాడు మనసు పడ్డానని మనకెందుకు చెబుతాడు?"

మర్నాడు అందరూ షెడ్డు దగ్గర చేరారు. లోపల చోటు చాలక ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు. నిదానం బండి పక్కన కూర్చునే మొదలుపెట్టాడు.

"దొంగ ముందు పాత నంబరు అరగదీస్తాడు. ఇక్కడ పోత పోసినప్పటి గరుకు అలాగే ఉంది. అంటే దీని కింద ఏ నంబరూ లేదు. విడిభాగంగా అమ్మిన ఇంజను ఖాళీగానే వస్తుంది. ఇక ఈ అంకెలు. పై గొట్టం అడ్డొచ్చి సుత్తి తిన్నగా పడలేదు. టర్నరైతే ఇంజను బల్ల మీద ఉన్నప్పుడే తీరిగ్గా గుద్దుకునేవాడు. బండి పూర్తయ్యాక వచ్చినవాడెవడో ఫుట్‌రెస్టు విప్పి ఇక్కడున్న పంచ్‌లతోనే గుద్దాడు. ఇవి అంగుళాల లెక్క నట్లు. ఇప్పటి మిల్లీమీటర్ల పానా పెడితే జారి మూలలు అరుగుతాయి."

పెద్దమనిషి వంగి చూశాడు. "పాత బండ్లు తెలిసినవాడెవడూ ఈ పని చేయడు."

"అవును. అందుకే మీరు కాదు. ఖాళీ ఇంజనుతో ఎవరి పని ఆగిపోతుంది? కాగితం తెస్తానని మాటిచ్చినవాడిది. బ్రోకరు గారూ, మీ బండిలో పానా ఓసారి తెస్తారా?"

బ్రోకరు కదల్లేదు. "నంబరు లేదంటే ఫైలు అక్కడే చస్తుందండీ. ఆ మోడల్‌కి సరిపోయే నంబరు నాకు తెలిసింది ఈయన బండిది ఒక్కటే. అది పోయిందని నాకేం తెలుసు?"

"తెలిశాక?"

"తెలిశాక నోరు పెగల్లేదు."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇది కేసుగా రాస్తే ఇంజను సాక్ష్యం. కోర్టు ఆవరణలో ఎండకి ఎండి వానకి తడుస్తుంది. ఎన్నేళ్ళో చెప్పలేను. ఫ్రేముకి మాత్రం హక్కు కాగితం వస్తుంది."

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. బండి అమ్మాయికే ఉండనీ," అన్నాడు పెద్దమనిషి.

"అప్పుడు బండి మొత్తం దక్కుతుంది. కానీ కేసు లేకుండా బ్రోకరు పేరు రాయలేను, నంబరు గుద్దింది మీ నాన్నేనని నా రికార్డులో ఉండిపోతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బ్రోకరు నర్సు వైపు తిరిగాడు. "పోయినాయనకి పేరుతో పనేముందమ్మా? నాకు పెళ్ళాం పిల్లలున్నారు."

నర్సు ఇంజను మీద చెయ్యి వేసింది. పిల్లవాడికి జ్వరం చూసే చెయ్యి అది. సహాయకురాలు తల తిప్పుకుంది.

"కేసు రాయండి," అంది నర్సు. "ఇంజను దింపండి."

సాయంత్రానికి దింపారు. బండి మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడి, అవతలి గోడ కనిపించింది. నర్సు హ్యాండిల్ పట్టుకుని బండిని బయటికి తోసింది. సహాయకురాలు సాయం పట్టబోయింది.

"వద్దండీ," అంది నర్సు. "ఇప్పుడు నా ఒక్కదానికే కదులుతోంది."