వెయ్యి గాజుబుడ్ల యంత్రం

పిల్లలూ, గుండె చిక్కబట్టుకుని వినండి. తామ్రపురి రాజ్యానికి జడాసురుడనే రాక్షసుడి పీడ పట్టుకుంది. వాడు ప్రతి అమావాస్యకూ ఒకరిని శపించేవాడు. మర్నాడు పొద్దున ఆ మనిషి పాదాలు రాయి కావడం మొదలై, పొద్దుగూకేసరికి నిలువెల్లా శిల అయిపోయేవాడు. విరుగుడు మంత్రం ఉంది గానీ, దానికి లక్ష అక్షరాలు. ఏ పండితుడికీ నోటికి రాదు. అందుకే పూర్వులు దాన్ని వెయ్యి గాజుబుడ్లున్న గణకయంత్రంలో దాచారు. గదంత ఉండే ఆ యంత్రాన్ని కాస్తా రాజుగారి తాత పాతసామానని దిబ్బలో వేయించాడు. ఎంత తెలివో చూశారా!

వాగు ఒడ్డున ఉండే నాంచారికి పాత యంత్రాలంటే ప్రాణం. ఆ గణకాన్ని ముక్కముక్కగా ఇంటికి మోసుకొచ్చి, నాలుగేళ్లుగా బాగుచేస్తోంది. ఇంకొక్క బుడ్డి దొరికితే చాలు. సరిగ్గా అప్పుడే శాపం ఆమెను పెంచిన అక్క వరదమ్మకు తగిలింది.

“కాళ్లు బరువెక్కుతున్నాయే చెల్లీ!” అంది వరదమ్మ. నాంచారి తాకి చూస్తే మోకాళ్లదాకా చల్లటి రాయి. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

మంచి బుడ్డి ఇక ఉంటే జడాసురుడి గుహలోనే; దొరికిన పాత బుడ్లన్నీ వాడక్కడే దాచుకున్నాడు. ఆకు రాలినా ఉలిక్కిపడుతూ, ఏడుపు దిగమింగుకుంటూ నాంచారి అడవి దాటింది.

“ఏమే పిల్లా, చావడానికొచ్చావా?” అని రాక్షసుడు గర్జించాడు. “ఇవిగో వంద బుడ్లు. పనికొచ్చేది ఒక్కటే. అది తీస్తే పట్టుకుపో. తప్పు తీశావో, నువ్వూ రాయే!”

తొంభై తొమ్మిది బుడ్ల కొసలు పాలలా తెల్లగా ఉన్నాయి. ఒక్కదాని కొసన మాత్రం మసిలాంటి వెండి మరక. తెల్లనివే ముద్దొస్తున్నాయి. కానీ గాలి దూరి బుడ్డి పాడైతే మరక తెల్లబడుతుందని నాంచారికి తెలుసు. మరకబుడ్డినే తీసింది. జడాసురుడు పళ్లు పటపటా కొరికాడు గానీ, ఆడిన మాటకు కట్టుబడక తప్పలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. రాయి వరదమ్మ నడుము దాటింది. కబురు విని వచ్చిన రాజూ సేనాపతీ గుమ్మంలో నిలబడ్డారు. నాంచారి బుడ్డిని యంత్రంలో బిగించింది. యంత్రానికి శక్తి వాగులోని నీటిచక్రం నుంచి రావాలి; చక్రం మీదికి నీళ్లు వదిలే తూముకు చెక్కపలక అడ్డం ఉంది.

“పలక మొత్తం ఎత్తెయ్యి! నీళ్లు ఒక్కసారిగా పడనీ!” అని సేనాపతి అరిచాడు.

“వద్దు దొరా! ఇన్నేళ్లు పడుకున్న యంత్రం, ఉన్నపళంగా లేపితే మాడి మసైపోతుంది.”

నాంచారి పలకను వేలెడు ఎత్తింది. యంత్రాన్ని వాసన చూసింది, చెవి పెట్టి విన్నది. ఇంకో వేలెడు. మూడోసారి ఎత్తగానే గుప్పున కమురువాసన! పలక దించేసి వెతికితే, ఎలుక కొరికిన తీగ ఒకటి దొరికింది. మైనపు గుడ్డ చుట్టింది.

“ఇప్పుడైనా ఎత్తవే మహాతల్లీ!” అన్నాడు సేనాపతి.

“మళ్లీ మొదటి వేలెడు నుంచే,” అంది నాంచారి ఏడుస్తూ.

“చెల్లీ, భయమేస్తోందే...” అన్న వరదమ్మ గొంతు సగంలోనే రాయైంది. ఆ క్షణాన పలక మొత్తం ఎత్తేయాలని నాంచారి మనసు పీకింది. అయినా ఎత్తలేదు. వేలెడు... ఇంకో వేలెడు...

బుడ్లు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. యంత్రం గొణిగింది, దగ్గింది, కంచుగొంతుతో మంత్రం చదవసాగింది. సూర్యుడు సగం మునిగేసరికి వరదమ్మ మెడ కదిలింది. మంత్రం పూర్తయ్యేసరికి శాపం తిరగబడి జడాసురుడు తన గుహలోనే శిలైపోయాడు. అంతకుముందు శాపం తగిలి కోటలో ఉన్న నలభై మంది రాతిమనుషులూ ఆవులిస్తూ లేచారు.

రాజు నాంచారిని కొత్తగా పెట్టిన గణకశాలకు అధికారిణిని చేసి, “ఇంత ధైర్యం ఎక్కడిదమ్మా?” అని అడిగాడు.

“ధైర్యమా? చచ్చేంత భయపడ్డాను మహారాజా. అందుకే తొందరపడలేదు,” అంది నాంచారి. ఆ మాట అంటూనే కూలబడబోతే, వెచ్చటి చేతులతో అక్క పట్టుకుంది.