మెట్ల మలుపులో నీళ్ల క్రేటు

శనివారం పొద్దున బేకరీలో రమోనా ఎప్పటిలాగే ఆరు రొట్టెలు అడిగింది. కాగితం సంచీ చేతికొచ్చి, ట్రాము పట్టాలు దాటాక గుర్తొచ్చింది, ఇప్పుడు నాలుగు చాలని. గసగసాలు చల్లిన ఆ రెండూ నాన్నవి. వెనక్కి వెళ్లి ఇవ్వడానికి మనసొప్పలేదు. సంచీ మూతి మడిచి పట్టుకుని అమ్మ ఇంటివైపు నడిచింది.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఆ వీధి ఇళ్లన్నీ వందేళ్లు దాటినవే. ఎత్తైన కప్పులు, లిఫ్టు లేని చెక్క మెట్లు. అమ్మ గుద్రున్ ఉండేది మూడో అంతస్తులో. రెండో అంతస్తు దాటి మలుపు తిరిగేచోట, కిటికీ కింద, నీళ్ల క్రేటు ఇంకా అక్కడే ఉంది. గ్యాసు నీళ్లు నిండిన పన్నెండు గాజు బాటిళ్లు, ఒక్కదానికీ మూత తీయలేదు. ఎవరో కొలతపెట్టి సర్దినట్టు గోడకు సమంగా ఆనించి ఉంది. నాన్న లోథార్ దాన్ని అలా దించి, పక్క మెట్టు మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, గోడకు తల వాల్చాడు. మళ్లీ లేవలేదు. ఒక్క బాటిలూ పగల్లేదు. నెల కావస్తోంది.

రెండో అంతస్తు నౌమాన్ గారు మోకాళ్ల మీద కూర్చుని మెట్లు తుడుస్తోంది. మెట్ల మీద ఏ వస్తువూ ఉంచరాదని వీధి తలుపు దగ్గర బోర్డు పెట్టించింది ఆవిడే. చిన్నప్పుడు రమోనా మంచు మీద జారే తన చెక్కబండిని ఇదే మలుపులో కాసేపు వదిలినందుకు, ఆవిడ దాన్ని తీసుకెళ్లి చెత్తడబ్బాల పక్కన పడేసింది. అలాంటి మనిషి, క్రేటు దగ్గరికొచ్చేసరికి గుడ్డను పక్కకు తిప్పి, దాన్ని తాకకుండా చుట్టూ తుడుచుకుపోతోంది.

"నౌమాన్ గారూ, మీకు అడ్డంగా ఉంటే నేను తీసేస్తాను."

"నాకేం అడ్డం లేదమ్మా. మీ అమ్మకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తీసుకుంటుంది. నువ్వు చూసుకుని నడు, తడిగా ఉంది."

పైన వంటింట్లో కాఫీ వాసన. గుద్రున్ కూతురి చేతిలోంచి సంచీ అందుకుని లోపలికి తొంగి చూసింది.

"ఆరు తెచ్చావా?"

"అలవాటు, అమ్మా."

"సరిపోయింది. నేనూ మూడు గుడ్లు ఉడకబెట్టాను." గుద్రున్ నవ్వబోయి ఆగిపోయింది. "కూర్చో. ఆలస్యం చేశావు, గుడ్లు రాళ్లయిపోయాయి."

రమోనా వెన్న డబ్బా మూత తీస్తూ ఉంది. గుద్రున్ సింకు దగ్గరికి వెళ్లింది. చూడకుండానే పంపు తిప్పింది. ధార కింద వేలుపెట్టి చల్లబడేదాకా ఆగింది. పక్కనున్న చిన్న గ్లాసు నింపి ఒక్క గుక్కలో సగం తాగింది. మిగిలిన సగం నెమ్మదిగా, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ తాగింది. గ్లాసును మళ్లీ దాని చోట బోర్లించింది.

రమోనా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ గ్లాసు బోర్లించిన చోట, రాతి గట్టు మీద, తెల్లటి సున్నపు వలయం ఉంది. బడిలో రసాయన శాస్త్రం చెప్పే రమోనాకి ఆ మరక ఒక నెలలో పడేది కాదని తెలుసు.

"అమ్మా, నువ్వు పంపు నీళ్లు తాగుతావా?"

గుద్రున్ తిరిగి చూడలేదు. "దాహం వేసింది."

"అది కాదు నేనడిగేది. ఎప్పట్నించి?"

"ఎప్పట్నించో."

"ఎప్పట్నించో అంటే?"

"పైపులు మార్చిన ఏడాది నుంచి. నువ్వప్పుడు బడికెళ్లే పిల్లవి."

రమోనా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఈ వంటింట్లో ఎన్ని శనివారాలు వాదించింది! పంపు నీళ్లను నగరపాలిక వాళ్లు రోజూ పరీక్ష చేస్తారనీ, బాటిల్లో పోసి లారీలో ఎక్కించి ఎక్కణ్ణుంచో తెచ్చినంత మాత్రాన నీళ్లకి కొత్త గుణమేమీ రాదనీ, ఆ నీళ్లలో ఉప్పు నాన్న రక్తపోటుకి మంచిది కాదనీ, అంత బరువు ఈ వయసులో మెట్లెక్కించడం పిచ్చి అనీ. మూడేళ్ల క్రితం క్రిస్మస్‌కి, పంపు నీళ్లలోకి గ్యాసెక్కించే యంత్రం కూడా తెచ్చిచ్చింది. అది డబ్బాలోనే అలమారా నెత్తిన ఉంది. ప్రతిసారీ నాన్న ఒకే మాట అనేవాడు: "మీ అమ్మకి ఆ నీళ్లే పడతాయి." అమ్మ మాట్లాడేది కాదు.

"నీకోసం మోశాడు! నీకు పంపు నీళ్లు పడవని మోశాడు. నువ్వేమో ఆయన వెనక పంపు తిప్పుకుని తాగుతూ కూర్చున్నావు. ఒక్కమాట చెప్తే ఏం పోయేది? 'లోథార్, నాకు అక్కర్లేదు' అని ఒక్క మాట! నువ్వే చంపావమ్మా ఆయన్ని, ఆ దిక్కుమాలిన నీళ్లతో!"

అనేశాక గానీ ఆ మాట ఎంత పెద్దదో తెలియలేదు. గుద్రున్ గుడ్డ తీసుకుని, తడి లేని బల్లను తుడవడం మొదలుపెట్టింది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు," అంది చివరికి, "మంత్రసాని చెవిలో చెప్పింది, ఈ ఇంటి పైపులు సీసం లోహానివి, బిడ్డకి మంచిది కాదు, ఈ నీళ్లు ముట్టకు అని. ఆ రోజుల్లో బాటిల్ నీళ్లు దొరకడమే గగనం. మీ నాన్న సైకిల్ మీద ఊరంతా తిరిగి తెచ్చేవాడు. నీ పాలు కలిపింది ఆ నీళ్లతోనే. పైకి వచ్చి మోచేత్తో బెల్లు కొట్టేవాడు, చేతులు ఖాళీ ఉండవుగా. తలుపు తీస్తే ఏమనేవాడో గుర్తుందా?"

రమోనాకి గుర్తుంది. 'ఇక ఈ వారం మనింట్లో ఎవరికీ దాహం వెయ్యదు.' చిన్నప్పుడు ఆ మాట వినడానికి తలుపు దాకా పరుగెత్తేది.

"తర్వాత పైపులు మార్చారు. అదే ఏడాది మీ నాన్న పనిచేసే ఫౌండ్రీ మూసేశారు. ఇరవై ఏళ్లు ఇనుము పోసిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని ట్రాములు చూసేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. శనివారం వస్తే మాత్రం గడ్డం గీసుకునేవాడు. నీళ్లు తెచ్చే రోజు కదా. ఆ పనొక్కటి ఎవరూ మూసెయ్యలేదు. నేను మూసెయ్యమంటావా?"

"మరి ఆ నీళ్లన్నీ ఏం చేసేదానివి?"

"ఆయన తాగినవి తాగగా బంగాళాదుంపలు ఉడకబెట్టాను. పూలకుండీలకి పోశాను. తల కడుక్కున్నాను. కిటికీలు తుడిచాను. గ్యాసు నీళ్లతో అద్దాలు బాగా మెరుస్తాయిలే." ఈసారి నిజంగానే కొంచెం నవ్వింది. "నాకా ఉప్పు రుచి ఏనాడూ నచ్చలేదు. ఆయన ఎదురుగా ఉన్నప్పుడు మటుకు తాగేదాన్ని."

"ఆయన ఆయాసపడటం చూస్తూ కూడానా?"

గుద్రున్ చేతిలో గుడ్డ ఆగింది. "పోయిన శరదృతువులో చెప్పాను. ఇక వద్దు లోథార్, పంపు నీళ్లు చాలు అని. సరే అన్నాడు. కోప్పడలేదు. ఆ శనివారం గడ్డం గీసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, జాకెట్ వేసుకున్నాడు. వేసుకుని తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని. నేను చూడలేకపోయాను. 'లోథార్, ఇంట్లో నీళ్లయిపోయాయి' అన్నాను. ఎలా లేచాడనుకున్నావు! కుర్రాడిలా లేచాడు."

గుద్రున్ గుడ్డను సింకులో తడిపి, పిండి ఆరేసింది.

"నువ్వన్నది తప్పేం కాదు," అంది గుద్రున్. "రాత్రిళ్లు నేనూ అదే అనుకుంటున్నాను. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే కుర్చీలోనే కూర్చునేవాడు. ఇవాళ నీ గసగసాల రొట్టె తినేవాడు."

రమోనా కళ్ల ముందు ఆ కుర్చీ లేదు. తన కారు ఉంది. ఫిబ్రవరిలో ఒకరోజు, కారు కిటికీ మీద వేలితో తట్టిన నాన్న ఉన్నాడు. కుడి భుజం పట్టేసిందనీ, ఒక్క రెండు వారాలు క్రేటు కారులో తెచ్చిపెట్టగలవా అనీ, దారి అడుగుతున్న పరాయి మనిషిలా అడిగాడు. ఆయన ఏదైనా అడగడం అదే మొదటిసారి. తనేమంది? 'పంపులో అంత మంచి నీళ్లు ఉండగా నేను బాటిళ్లు మొయ్యను నాన్నా. నువ్వు మోసేది నీళ్లు కాదు, మూర్ఖత్వం.' ఆయన తలూపి, కారు తలుపు మెల్లగా వేశాడు. ఆమె చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఇవాళ్టికీ లేదు.

"అమ్మా," అంది. "నన్నడిగాడు. కారులో తెమ్మని. నేను పాఠం చెప్పి పంపించాను."

"తెలుసు."

"తెలుసా?"

"వచ్చి చెప్పాడుగా. 'మన పిల్ల చెప్పింది నిజమే గుద్రున్, చదువుకున్న పిల్ల' అన్నాడు. మురిసిపోయాడు కూడా. తర్వాత భుజానికి మందు రాయించుకున్నాడు."

నెల నుంచీ తను మోస్తున్న కోపం ఎవరి మీదో రమోనాకి అప్పుడు తెలిసింది. కారు సంగతి ముందే తెలిసిన అమ్మ మాత్రం ఇంతసేపు మాటలు పడింది గానీ, ఆ ఒక్కమాట తిరిగి విసరలేదు. కూతురు బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. గుద్రున్ తడిచెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని ఆమె వీపు మీద వేసింది.

చాలాసేపటికి గుద్రున్ అంది, "ఆ క్రేటు తెచ్చుకుందామా? ఒక్కదాన్నే వెళ్లలేకపోతున్నాను. రోజూ అక్కడిదాకా దిగి, దాన్ని దాటుకుని రొట్టెలకి వెళ్లి వస్తున్నాను."

ఇద్దరూ దిగారు. చెరో పిడీ పట్టుకుని ఎత్తారు. అనుకున్నదానికంటే ఎంతో బరువుంది. చుట్టూ తడితో మెరుస్తున్న మెట్ల మలుపులో, క్రేటు ఉన్నంత మేర పొడిగా, దుమ్ముపట్టిన నలుచదరం మిగిలింది. నౌమాన్ గారి తలుపు కాస్త తెరుచుకుంది. ఆవిడ గుడ్డతో బయటికి వచ్చి, ఆ చోటు చూసి, గుడ్డను వెనక దాచుకుంది.

"అది ఇవాళ తుడవనులే," అని లోపలికి వెళ్లిపోయింది.

తల్లీ కూతుళ్లు మెట్టు మెట్టుకీ ఆగారు. రమోనా వేళ్లు కోసుకుపోతున్నాయి. 'ఇంత బరువా నాన్నా' అనుకుంది. తలుపు దగ్గరికొచ్చేసరికి, చేతులు ఖాళీ లేక, ఏ ఆలోచనా లేకుండా మోచేత్తో బెల్లు నొక్కింది. లోపల బెల్లు మోగింది. ఎవరూ రాలేదు. ఇద్దరూ క్రేటు పట్టుకుని, ఆ మోత పూర్తిగా ఆగిపోయేదాకా నిలబడ్డారు. తర్వాత గుద్రున్ తన వైపు పిడి మోకాలికి ఆనించుకుని, ఏప్రన్ జేబులోంచి తాళంచెవి తీసింది.

వంటింట్లో రమోనా ఒక బాటిల్ మూత తిప్పింది. గ్యాసు బుస్సుమంది. గుద్రున్ సింకు పక్కనున్న తన గ్లాసు తెచ్చి చాపింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, గ్లాసుడూ తాగింది. అంత్యక్రియల రోజున కూడా రాని కన్నీళ్లు గడ్డం మీదుగా కారుతున్నాయి.

"ఎంత ఉప్పగా ఉన్నాయో," అంది. మళ్లీ గ్లాసు చాపింది.

"ఇంకొంచెం పొయ్యి, తల్లీ."