పలక మీద శిలువ

"మా ఆయన పలకను ఎవరో మార్చేశారమ్మా!" అంటూ డిటెక్టివ్ ఆర్గిరో దగ్గరికి వచ్చిన స్తమాతియా కూర్చోకుండానే ఏడ్చేసింది.

పెరామా రేవులో ఓడల పని పడిపోయి చాలాకాలమైంది. మాంద్యం మింగగా మిగిలిన ఒక్క కంపెనీ కూడా సర్టిఫికెట్ లేని వెల్డర్‌ను గేటు దాటనివ్వడం లేదు. పరీక్షలో రెండు ఇనుప ముక్కలను ఒకే పలకగా అతకాలి. చల్లారాక దాన్ని యంత్రంలో పెట్టి వంచుతారు. పగలకపోతే పాస్. జన్మంతా ఓడలు అతికిన ఆమె భర్త పాంటెలిస్ పలక పగిలింది. అప్పటినుంచి ఆయన గడప దాటడం లేదు, తిండి ముట్టడం లేదు.

"అదే పరీక్షలో మా అబ్బాయి మానోస్ పాసయ్యాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు పాసైన పరీక్ష ఇదొక్కటే! నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఆ పరీక్ష పెట్టే కోస్మాసే ఎవడి దగ్గరో గడ్డి తినుంటాడు."

ఆర్గిరో ఒక్కటే అడిగింది. "మీ ఆయన పలకను గుర్తుపట్టడం ఎలా?"

"పని మొదలెట్టేముందు మేకుతో మూల శిలువ గీస్తాడు, మా అత్త రొట్టె పిండి మీద గీసినట్టు. గీస్తున్నట్టు తనకే తెలీదు. 'ఈ ముసలాళ్ల చాదస్తం నాకొద్దు' అంటాడు మావాడు."

పరీక్షా కేంద్రంలో కోస్మాస్ సణుక్కుంటూనే పలకలు తెచ్చి పరిచాడు. ఒక్కోదానికి అభ్యర్థి పేరున్న రేకు బిళ్ల తీగతో కట్టి ఉంది.

"ఇవి చల్లారేటప్పుడు ఇక్కడ ఎవరున్నారు?"

"అందరం కాఫీకి పోయాం. పాంటెలిస్ మాత్రం మోకాలు నొప్పని ఉండిపోయాడు. కాపలా ఎందుకమ్మా, వాళ్లేమన్నా దొంగలా?"

పగిలిన పలక మీద శిలువ లేదు. మానోస్ బిళ్ల కట్టిన పలక మూల మాత్రం చిన్న శిలువ కనిపించింది. ఆర్గిరో సహాయకుడు థ్రాసోస్ ఎగిరి గంతేశాడు.

"దొరికాడు! కన్నతండ్రి నోటి దగ్గర కూడు లాక్కున్నాడు!"

"వాడు కాఫీకి వెళ్లాడు కదరా" అంది ఆర్గిరో. ఇంత తొందరగా తేలిన కేసు ఆమెకు ఇంత దిగులు పుట్టించడం థ్రాసోస్‌కు అర్థం కాలేదు.

మర్నాడు ఉదయం అందరూ స్తమాతియా వంటింట్లో కూర్చున్నారు. సోమవారం కొడుకు వేసుకోబోయే పని బట్టలు ఆమె అప్పటికే ఇస్త్రీ చేసి పెట్టింది. కోస్మాస్ ముఖం ముడుచుకుని ఉన్నాడు.

"కోస్మాస్ ఏ తప్పూ చేయలేదు" అంది ఆర్గిరో. "శిలువ ఉన్న పలక పాంటెలిస్‌ది. దానికి మానోస్ బిళ్ల ఉంది. పలకల దగ్గర మిగిలింది ఒక్కరే. పాంటెలిస్ గారూ, బిళ్లలు మార్చింది మీరే."

పాంటెలిస్ తలెత్తలేదు. "రంగు చూడగానే తెలిసిపోయింది, వాడి అతుకు లోపల గుల్లని. బయట వాడు నవ్వుతున్నాడమ్మా. వాడు నవ్వి ఎన్నాళ్లయిందో! చేతులు ఆగలేదు. పనిలో పడితే వాడే నేర్చుకుంటాడులే అనుకున్నా."

స్తమాతియా ఆర్గిరో మీద విరుచుకుపడింది. "నిన్నెందుకు పిలిచానమ్మా, నా కొంప ముంచడానికా! నీకు తెలిసింది నీలోనే దాచుకోలేకపోయావా?"

"సోమవారం మీవాడు ఓడ అడుగు అతుకుతాడు. అది పగిలితే లోపల మనుషులుంటారమ్మా. వాడూ ఉంటాడు." అంది ఆర్గిరో.

మానోస్ చొక్కా జేబులోంచి సర్టిఫికెట్ తీసి, నలగకుండా కోస్మాస్ చేతికిచ్చాడు. తర్వాత తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నాదే పగిలిందని అప్పుడే చెప్తే పోయేదిగా నాన్నా. తప్పడం నాకలవాటే. కానీ పాసయ్యానని నేను నమ్మేశాను నాన్నా."